సాలోమోను గొంతు

లస్మవ్వ కాలు మీదినుంచి లారీ పోవడం నలభై మంది ఆడవాళ్లు చూశారు. చూడనిది ఒక్క మిషనే. మహారాష్ట్రలోని ఘుగ్గుస్‌లో, బొగ్గును రైలు పెట్టెలకెత్తే సైడింగు గేటు కాడ ముఖాలు చూసి హాజరు వేసే మిషను అది. అన్నం వేళ, మసి పట్టిన లస్మవ్వ ముఖాన్ని గుర్తుపట్టక గైర్హాజరు వేసింది. కాలు నలిగింది ఆ తర్వాత.

"డ్యూటీల లేని మనిషికి దెబ్బెట్ల తాకుతది?" అన్నాడు సూపర్‌వైజర్ సుదర్శన్, ఖర్రా పొగాకు నములుతూ.

మరునాడే సమ్మె. మూడోరోజు సంఘం నాయకుడు సాలోమోనును పోలీసులు చంద్రపూర్ తీసుకపోయారు. ఏ ఠాణాలో ఉంచారో, అదే సైడింగులో పనిచేసే అతని భార్య మంగతాయికి ఎవరూ చెప్పలేదు.

ఆ సంఘంలో కరపత్రాలు నడవవు. మరాఠీ బడుల్లో చదివినవాళ్లు, అసలు చదవనివాళ్లు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అందుకని సాలోమోను ఏ కబురైనా వాట్సాప్ గ్రూపులో గొంతుతోనే పంపేవాడు. రెండేళ్లుగా అదే అలవాటు. ఆ గ్రూపులో సుదర్శన్ కూడా ఉన్నాడని ఎవరూ పట్టించుకోలేదు.

ఐదోరోజు పొద్దున, గేటు కాడ కూర్చున్నవాళ్ల ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి.

"అక్కలారా, నేను సాలోమోనును. కంపెనీతోని మాట్లాడిన. సమ్మె అయిపోయింది, పనిల దిగుండ్రి."

అదే బొంగురు. నడుమ అదే దగ్గు.

వాళ్లలో పెద్దది నర్సక్క లేచి కొంగు దులుపుకుంది. "మనిషే చెప్పినంక ఇంకేంది, పాండ్రి."

"ఆగు అత్తా," అంది సాలోమోను బిడ్డ మెర్లిన్. "గది నాన్న గాదు. ఏఐతోని చేసిండ్రు. గ్రూపుల రెండేండ్ల గొంతున్నది, గంత చాలు."

"దగ్గు గూడ చేస్తదా మిషను?"

"మన మొకాలు గుర్తుపట్టరాదు గని దగ్గయితే మంచిగ వస్తది," అంది సత్తమ్మ.

అందరూ మంగతాయి వైపు తిరిగారు. ఇరవైయారేళ్లు ఆ గొంతు పక్కనే బతికిన మనిషి. మూడుసార్లు విన్నది. తేల్చుకోలేకపోయింది. మనిషి నుంచి గొంతును ఒలిచి తెచ్చారా, లేక కొట్టి కొట్టి ఆయన చేతనే చెప్పించారా?

"ఏంది వదినా, మొగుని గొంతు గుర్తుపడ్తలేవా?" గేటు కాడ నిలబడ్డ సుదర్శన్ నవ్వాడు.

మంగతాయి అతని కాళ్ల ముందు ఉమ్మింది.

"పడ్తలేను. ఆయనదే అనుకో. సమ్మె పెట్టిననాడు గీడనే కూసొని అందరం చేతులెత్తినం. ఆయనొక్కడు పెట్టలే, ఆయనొక్కడు తీసేస్తే పోదు. పనికి పోతమనేటోళ్లు చెయ్యి లేపుండ్రి."

నర్సక్క చేయి కొంగు దాకా వచ్చి ఆగిపోయింది. ఎవరూ లేపలేదు.

"కూసుంటమనేటోళ్లు?"

మొదట తన చేయే ఎత్తింది. ఆ గొంతు నిజంగా ఆయనదే అయితే, ఆయన మాటను నలుగురి ముందు తోసేసిన మొదటి మనిషి తనే. ఏ గదిలో ఉండి ఈ సంగతి వింటాడో. అయినా చేయి దించలేదు. పక్కన మెర్లిన్ చేయి, దాని పక్కన సత్తమ్మది, వెనక వరసలకు వరసలు.

సుదర్శన్ పోలీసులకు ఫోన్ కలిపాడు.

నర్సక్క పోయి బొగ్గు లారీ ముందర దారికి అడ్డంగా కూర్చుంది. "ఒక్క పోలీసు బండి తోలితే సాలదు కొడుకా," అంది సుదర్శన్‌తో. "శానా మందిమున్నం అని చెప్పు."