నా పొగ, తవిటయ్య నవ్వు

నేను ఒక ఇత్తడి ఇస్త్రీ పెట్టెను. ఆ మాట నాకు నేనే చెప్పుకోవాలి ఇప్పుడు, ఎందుకంటే ఈ పాత సామాన్ల కొట్లో నా పేరు 'ఏడు కిలోల నాలుగొందల గ్రాములు'. నా పక్కన చెవి విరిగిన గంగాళం ఒకటుంది, దాని పేరు 'పదకొండు కిలోలు'. ఎక్కడెక్కడ ఎంతమందికి వండి పెట్టిందో పాపం, అడిగితే చెబుతుందేమో గానీ, మేమిద్దరం ఎప్పుడూ మగతలోనే ఉంటాం. కడుపులో నిప్పు లేకపోతే ఇంత నిద్ర పడుతుందని యాభై ఏళ్ళుగా నాకు తెలియనే తెలియదు. రేకుల సందులోంచి ఎండ మెల్లగా జారి నా వీపు మీద పడుతుంది. ఆ కాస్త వెచ్చదనానికే కలలు మొదలవుతాయి.

కలలో అన్నిటికన్నా ముందు మట్టి వాసన వస్తుంది. బుడితి అనే ఊళ్ళో ఒక కంచరి ఇంట్లో మట్టి అచ్చులోకి కరిగిన ఇత్తడినై జారాను. చల్లారాక నన్ను రుద్ది, టేకు పిడి బిగించి, మూత గడియ మీద ఒక చిన్న కోడిపుంజును నిలబెట్టారు. నన్ను కొనడానికి విజయనగరం నుంచి వచ్చిన సన్నాసి అనే ఇస్త్రీ మనిషి ఆ పుంజును చూసి, "ఇదెందుకు బాబూ, దీనికీ డబ్బులేటి?" అన్నాడు. "పొద్దుటే నిన్ను లేపుతాది, ఉండనీ" అన్నాడు కంచరి. తిరుగు ప్రయాణంలో సన్నాసి నన్ను బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. కండక్టరు సామాను టిక్కెట్టు కొట్టబోతే, "సంటిపిల్లకి టిక్కెట్టేటి బాబూ!" అని గదమాయించాడు. నా పుట్టుక గురించి నేను గొప్పగా చెప్పుకోగలిగింది ఇంతే.

తర్వాత ఎన్ని వేల చొక్కాలు! కోట వెనక వీధి మలుపులో నాలుగు కర్రల మీద రేకు, దాని కింద బల్ల, బల్ల మీద మూడు మడతల దుప్పటి. కొబ్బరి చిప్పల బొగ్గు ఎర్రబడగానే నాకు లోకం అంతా ఒక తేలికపాటి ఆవిరిలా కనిపించేది. తడి చల్లిన బట్ట మీద జారుతుంటే ఏటి నీళ్ళలో పడవనేమో అనిపించేది. మనుషులు చిత్రమైనవాళ్ళు. ఇంట్లో ఎంత నలిగిపోయినా సరే, వీధిలోకి వచ్చేటప్పుడు చొక్కా మీద మాత్రం ఒక్క ముడత ఉండకూడదు వాళ్ళకి.

సన్నాసి పోయాక నేను అతని కొడుకు తవిటయ్య చేతికి వచ్చాను. తవిటయ్య నవ్వులమనిషి. వీధిలో వెళ్ళే ప్రతివాడినీ ఆపి ఏదో ఒకటి అనేవాడు, తన మాటకు ముందు తనే నవ్వేవాడు. ఆ నవ్వు పిడిలోంచి నాలోకి కూడా వచ్చేది. అతని భార్య పారమ్మ బట్టలు తెచ్చేది, మడతలు పెట్టేది, ఇళ్ళకి చేరవేసేది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. విలువైన కాగితం ఏదైనా సరే, బీరువాలో కాదు, డబ్బాలో కాదు, ఇస్త్రీ బల్ల మీద దుప్పటి అడుగున పెట్టాలి. కాగితం నలిగితే ఇస్త్రీ చేసేవాళ్ళకి నామోషీ. సన్నాసి నలభై ఏళ్ళు అక్కడే దాచాడు: ఇంటి పన్ను రసీదులు, పెళ్ళి ఫొటో, రేషను కార్డు నకలు. ఒక్కటీ పాడవలేదు. నా వేడికి అన్నీ తమలపాకుల్లా సాఫుగా ఉండేవి. అది నా గొప్ప అని మురిసిపోయేదాన్ని.

తవిటయ్య నవ్వు చివర దగ్గు ఎప్పుడు వచ్చి చేరిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. మొదట చిన్నగా, గొంతు సవరించుకున్నట్టు వచ్చేది. తర్వాత నవ్వు కన్నా దగ్గే పొడుగైంది. ఆ తర్వాత నవ్వడమే తగ్గించాడు. ఇంటి నుంచి మలుపు దాకా రావడానికి మూడుచోట్ల ఆగేవాడు: కుళాయి దగ్గర, కరెంటు స్తంభం దగ్గర, సైకిలు షాపు దగ్గర. ఒక వానాకాలం పొద్దున నా మూత తీసి బొగ్గు ఊదుతూ అలాగే బల్ల మీద వాలిపోయాడు.

పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. మంచం ఉచితమే. మంచానికి చుట్టూ ఉన్నవే ఉచితం కాదు: బయట రాసే మందులు, పీల్చే మందు గొట్టం, స్కానింగు, ఆటోలు, మూతపడ్డ బల్ల. పారమ్మ వీధిలోని పదిమంది ఆడవాళ్ళ గ్రూపులో చేరి ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర ముప్ఫై వేలు తీసుకుంది. వారానికి ఏడొందల యాభై కట్టాలి. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి వసూలు మనిషి వచ్చి చేతిలో బుల్లి మిషను నొక్కితే, కిర్రుమంటూ ఒక నున్నటి చీటీ వచ్చేది. పారమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చి దుప్పటి అడుగున దూర్చేది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు తవిటయ్య నా మూత ఎత్తి, చుట్టూ చూసి, నాకు మాత్రమే వినిపించేలా మాట్లాడాడు.

"పొగ మానీమన్నాడే డాక్టరు బాబు. మానకపోతే ఈ తిత్తులు రెండేళ్ళు కూడా పని సెయ్యవట. పారికి సెప్పకు. నిన్ను మానీసి నానేటి తింతాను, వాయిదా ఏటి కడతాను?"

పారమ్మకి మాత్రం, మాత్రలు మింగితే తగ్గిపోతుందన్నారని చెప్పాడు. చూశారా, నాకు నోరు లేదన్న ధీమాతో మనుషులు నా మీద ఎంత బరువు పెడతారో! ఆ రోజు నుంచి నాకు కడుపులో నిజంగానే నిప్పులు పోసుకున్నట్టు ఉండేది. నన్ను ఊదిన ప్రతిసారీ నా పొగ అతని ముక్కులోకి వెళ్ళేది. వద్దు తండ్రీ, మొహం అటు తిప్పుకో అని ఎంత గింజుకున్నా, పొగకి నా మాట వినే అలవాటు లేదు. నాకు చాలా భయమేసేది. అతన్ని నేనే చంపుతున్నానని తెలిసి కూడా, అతని చేతి కింద చొక్కాల మీద హాయిగా జారుతూ ఉండేదాన్ని.

ఒకరోజు రేషను కార్డు నకలు కోసం దుప్పటి కొస ఎత్తినప్పుడు ఒక చీటీ మూల నల్లగా కనిపించింది తవిటయ్యకి. "బొగ్గుమసి" అనుకున్నాడు. తువ్వాలుతో తుడిచి, మళ్ళీ భద్రంగా అడుగున పెట్టేశాడు. అది మసి కాదు. ఈ కాలపు కాగితం వేడి తగిలితే తనంతట తానే నల్లబడుతుంది. సన్నాసి కాగితాలు అలాంటివి కావు. ఆ సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. నేను మామూలుగానే, కాస్త గర్వంగానే, ఆ చీటీల మీద కాలర్లు తోముతూ వెళ్ళిపోయాను.

పాత వసూలు మనిషి మానేశాడు. కొత్తతను వచ్చి, ఆరు వారాల పైకం కంపెనీ లెక్కల్లో ఎక్కలేదన్నాడు. గ్రూపంతా గొల్లుమంది. "చీటీలు చూపించండమ్మా, సరిచేయిస్తాను" అన్నాడతను మర్యాదగానే. బియ్యం డబ్బాలో దాచినవాళ్ళవి బతికాయి, దేవుడి పటం వెనక పెట్టినవాళ్ళవి బతికాయి. పారమ్మ దుప్పటి ఎత్తింది. ఆరు వారాలవే కాదు, మొత్తం చీటీలన్నీ బొగ్గు పలకల్లా ఉన్నాయి. ఒక్క అంకె లేదు.

"ఒలమ్మో ఒలమ్మో, ఏటిది!" అని అక్కడే కూలబడిపోయింది.

కొత్తతను ఒక చీటీని ఎండకి పట్టి చూశాడు. "వేడి మీద పెట్టారా అమ్మా? ఇది వేడికి నల్లబడే కాగితం. నేనేం చెయ్యను చెప్పండి? ఆరు వారాలవి నాలుగు వేల అయిదొందలు. వచ్చే మంగళవారానికి కట్టకపోతే మిగతా తొమ్మిదిమందీ కట్టాల్సి వస్తుంది" అన్నాడు. అతని గొంతులో జాలి ఉంది. కానీ జాలిని ఎక్కించడానికి అతని మిషనులో మీట లేదు.

కట్టిన డబ్బు మళ్ళీ కట్టాలి. తవిటయ్య బల్ల పట్టుకుని నిలబడ్డాడు. నేను అతని చేతి కింద ఎర్రటి బొగ్గుతో, సిగ్గుతో కాలిపోతున్నాను.

నాలుగో రోజు పొద్దున తవిటయ్య బొగ్గు తీయబోతే పారమ్మ బొగ్గు సంచి మీద కాలు పెట్టింది.

"ఒద్దు మావా. దీన్ని అమ్మీద్దుము."

"దేన్ని?"

"పెట్టిని. ఇత్తడి కిలో అయిదొందలంతన్నాడు పాత సామాన్ల దాలినాయుడు."

"మతి పోయిందేటే నీకు? అది మా అయ్యది!"

"అయ్యదే. అయ్య కూడా దగ్గి దగ్గే పోనాడు కదేటి!"

తవిటయ్య బొగ్గు సంచి మీంచి చెయ్యి తీసేశాడు. పారమ్మ కళ్ళు తుడుచుకోకుండానే అంది. "మందుల కాడ నర్సమ్మ నాకూ సెప్పీసింది మావా, పొగ మానకపోతే నువ్వు దక్కవని. తెలిసి తెలిసీ బొగ్గు నానే తెచ్చాను. వారం వారం ఆ ఏడొందల యాభై కోసం నీ ఊపిరి తాకట్టు పెట్టీసినాను. నువ్వు సెప్పవు, నాను అడగను. మనిద్దరికీ బుద్ధి నేదు."

"నీకూ తెలుసా?" అన్నాడు తవిటయ్య.

"ఎప్పుడో తెలుసు."

తవిటయ్య నవ్వబోయి, దగ్గుతో వంగిపోయాడు. పారమ్మ అతని వీపు రాస్తూ ఏడ్చింది. ఇంతకాలం ఒకే రహస్యాన్ని చెరో పక్క నుంచి మోశారు వాళ్ళు, మధ్యలో నన్ను మండించుకుంటూ. నాకు మాత్రం, ఆ నల్లబడ్డ చీటీలను చూసిన రోజు నుంచి ఉన్న దిగులు కాస్త సర్దుకున్నట్టయింది. వాటిని నేను నల్లబెట్టకపోతే వాళ్ళు ఈ మాట ఎప్పటికి అనుకునేవాళ్ళో!

పారమ్మ నన్ను నెత్తిన చుట్టకుదురు మీద పెట్టుకుని దాలినాయుడి కొట్టుకి తెచ్చింది. కాటా మీద నాకు మూడు వేల ఏడొందలు పలికింది. మిగిలిన ఎనిమిదొందలు కోటవీధి టీచరమ్మ రెండు నెలల ఇస్త్రీ డబ్బు ముందుగా ఇచ్చి సర్దింది. ఆవిడే అటక మీది పాత కరెంటు పెట్టెను కూడా దులిపి ఇచ్చిందట. దాని బరువు కిలోన్నర కూడా ఉండదంటారు. నాకు అసూయ లేదని చెప్పను. వెళ్ళేముందు పారమ్మ నా కోడిపుంజును చీర కొంగుతో ఒకసారి తుడిచింది, అది మసి అనుకుని కాదు.

దాలినాయుడు నన్ను కరిగించలేదు. పుంజు ఉన్న పెట్టెలకి పట్నంలో గిరాకీ ఉందట. మూత తీసి లోపల మట్టి పోసి మొక్క పెడతారట, చుట్టాలు వస్తే చూపించుకోవడానికి. ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు. కాలం ఇక్కడ చల్లారిన నీళ్ళలా కదలకుండా ఉంటుంది. ఎండ వీపు మీంచి పుంజు మీదికి ఎక్కుతుంది, దిగిపోతుంది.

అలాంటి ఒక ఎండపూట కొట్టు ముందు చెప్పుల చప్పుడు ఆగింది. ఆ నడక నాకు తెలుసు, కానీ ఎక్కడో తేడా ఉంది. నాలుగు నెలలకి తవిటయ్య వచ్చాడు.

"మళ్ళీ కొంతావేటి?" అన్నాడు దాలినాయుడు.

"అబ్బే, సూద్దుమని వచ్చినాను. అప్పు ఇంకా పదకొండు వారాలున్నాది బాబూ, నాకేటి కొనే యోగం!" అని గొంతుక్కూర్చున్నాడు నా ముందు. పిడి మీద చెయ్యి వేశాడు. మూత ఎత్తి లోపలికి చూశాడు. బూడిద కూడా లేదు. "ఇంటి కాడి నుంచి కుళాయి కాడ ఒక్కసారే ఆగినానే" అన్నాడు నాతో, మెల్లగా, మునుపు నా మీద రహస్యం పెట్టినప్పటి గొంతుతోనే.

"దీని కడుపులో మొక్క పెడతారట పట్నపోళ్ళు" అన్నాడు దాలినాయుడు.

"మొక్కా!" అన్నాడు తవిటయ్య. "దీనికి రోజూ నిప్పులు మేపినాం, ఇప్పుడు నీళ్ళు తాగుతాదేటి?" అని, తన మాటకి ముందు తనే నవ్వాడు. భుజాలు కదిలేలా, గొంతు ఎత్తి, పాతరోజుల్లోలా పొడుగ్గా నవ్వాడు. ఆ నవ్వు అతని చేతిలోంచి పిడిలోకి, పిడిలోంచి నాలోకి వచ్చింది. నేను అలవాటు కొద్దీ దాని చివర దగ్గు కోసం చూశాను. అతను నవ్వడం ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నా మూత వేసి వెళ్ళిపోయిన తర్వాత కూడా చాలాసేపు చూశాను. దగ్గు రాలేదు.