పేరు చెరిగిన కప్పు

నేనొక కప్పును. టీ తాగేది కాదు, కబడ్డీలో గెలిచిన జట్టుకిచ్చేది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచరివాళ్లు నన్ను ఇత్తడితో పోతపోసి, రెండు పిడులు అతికించి, నున్నగా తోమి పంపారు. లీగు పెట్టినవాళ్లు వెండిపూత వేయించి, నా అడుగున ఒక పట్టీ చుట్టారు. ఏటా గెలిచిన జట్టు పేరు దాని మీద చెక్కిస్తామన్నారు. ఊరూరా తిరుగుతానని మురిసిపోయాను.

నాలుగేళ్లు ఒకే పేరు చెక్కారు: భీమిలి. ఆ జట్టు యజమాని జగ్గరాజుగారిది రొయ్యల ఎగుమతి వ్యాపారం. ఎక్కడ మంచి ఆటగాడు కనబడినా రెట్టింపు జీతం చూపించి తెచ్చుకునేవారు. ఆయన ఆఫీసులో అద్దాల బీరువాలో కూర్చుని కూర్చుని నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. ఫైనల్ రోజున మైదానానికి తీసుకెళితే కుర్చీలు సగం ఖాళీ. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఆటకి టిక్కెట్టు ఎవరు కొంటారు?

అప్పుడు లీగువాళ్లొక నియమం తెచ్చారు. ఏ జట్టయినా ఆటగాళ్లందరికీ కలిపి ఇచ్చే జీతాలు ఒక హద్దు దాటకూడదు. భీమిలి జట్టు సగం మందిని వదులుకోవాల్సి వచ్చింది. పట్టు పడితే వదలని సన్యాసిరావు ఆదోని జట్టుకు పోయాడు. కూతకు వెళితే పాయింటు తేకుండా తిరిగిరాని కెప్టెన్ తవిటినాయుడిని మాత్రం రాజుగారు వదల్లేదు. నా బీరువా ముందే కూర్చోబెట్టి మాట్లాడారు.

"కాయితం మీద నీ జీతం తగ్గించి రాస్తాను. ఆ తగ్గింది మీ ఆవిడ పేరున వస్తుంది. మన ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరని చూపిద్దాం."

"ఆవిడ పనికి రావాలేటండీ?"

"ఆవిడెందుకు? నువ్వు ఆడితే చాలు."

తవిటినాయుడు మోకాలు తడుముకున్నాడు. దానికి అప్పటికే రెండు ఆపరేషన్లయ్యాయి. ఇంకెన్నేళ్లు ఆడగలడో అతనికే తెలియదు. సరేనన్నాడు.

ఐదో ఏడూ భీమిలే గెలిచింది. నా పట్టీ మీద పేరు చెక్కారు. సన్మాన సభలో లీగు అధికారి ఒకాయన తవిటినాయుడి భార్య గౌరీశ్వరి పక్కన కూర్చుని, ఐసు ఫ్యాక్టరీలో పని కష్టంగా ఉందా అమ్మా అని మెల్లగా అడిగాడు. ఆయన ఏదో అనుమానం మీదే వచ్చాడని ఆమెకేం తెలుసు?

"ఆ ఫేక్టరీ మొకం నానెప్పుడూ సూడనేదండి," అంది గౌరీశ్వరి. "ఈయన సంతకం పెట్టమంటే పెట్టాను."

విచారణ జరిగింది. ఆ గెలుపు చెల్లదన్నారు. రాజుగారు జరిమానా కట్టేసి రొయ్యల పని చూసుకున్నారు. తవిటినాయుడిని మాత్రం ఏడాదిపాటు ఆడనివ్వలేదు. నన్ను విజయవాడలోని లీగు ఆఫీసులో అప్పగించి రమ్మనీ అతన్నే పంపారు. భార్యతో బస్సెక్కి, నన్ను తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె తుని దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"నాను అబద్ధమాడుంటే ఇది మనకాడే ఉండేది గదా," అంది చివరికి.

అతను నా పిడి మీద తువ్వాలు సర్దాడు. "ఆకలేస్తందా?" అన్నాడు.

"ఏస్తంది."

ఇడ్లీలు తెచ్చాడు. నన్ను ఇద్దరి మధ్యా నిలబెట్టి తిన్నారు.

విజయవాడలో ఐదో పేరును ఆకురాయితో అరగదీసేశారు. అక్కడ నా వెండి పోయి ఇత్తడి బయటపడింది. ఆ తర్వాత నాకు కుదురు లేకుండా పోయింది. ఒక ఏడు నరసాపురం, మరో ఏడు మదనపల్లె. కుర్చీలు నిండాయి, గోడలెక్కి చూసేవాళ్లు. జీతాల హద్దు వల్లనో, నరసాపురానికి దొరికిన కొత్త కోచ్ వల్లనో, నాకైతే తేలలేదు.

నిషేధం తీరాక తవిటినాయుడు అన్నిటికన్నా అడుగున ఉన్న పలాస జట్టులో చేరాడు. రెండేళ్లకు దాన్ని ఫైనల్ దాకా లాక్కొచ్చాడు. ఎదుట ఆదోని. పాయింట్లు సమానం, ఆఖరి కూత. అతను ఎడమకాలు చాపేసరికి సన్యాసిరావు మడమ దొరకబుచ్చుకున్నాడు. తవిటినాయుడి వేళ్లు మధ్యగీతకు జానెడు దూరంలో ఆగిపోయాయి.

"ఎడంకాలే ఏస్తావని తెల్దేట్రా నాకు?" అన్నాడు సన్యాసిరావు రొప్పుతూ. "నాలుగేళ్లు నీ పక్కనే ఆడాను."

మైకులో లీగు అధికారి జీతాలకు హద్దు పెట్టడం వల్లే ఇంత పోటీ వచ్చిందని చెబుతున్నాడు. కోర్టులో పరిచిన చాప మీద పడి ఉన్న తవిటినాయుడు విని నవ్వాడు.

"పోటీ వచ్చిన మాట నిజమేరా. మరి ఆళ్ల టిక్కెట్ల డబ్బుకి హద్దేదిరా?"

"భీమిలిలో ఇచ్చినదాంట్లో సగమే నాకిప్పుడు," అన్నాడు గెలిచినవాడు.

నన్ను తెచ్చి సన్యాసిరావు చేతికిచ్చారు. ఆ పట్టులో అతని భుజం బెణికింది, ఎత్తలేకపోయాడు. తవిటినాయుడు వచ్చి రెండో పిడి పట్టుకున్నాడు. ఓడినవాళ్లు పక్కకు జరగాలని ఫొటోగ్రాఫరు చెప్పాడు. ఇద్దరూ వినిపించుకోలేదు.

మర్నాడు పేపర్లో బొమ్మ వేశారు. పక్కవాణ్ణి కత్తిరించేశారు. అందులో నాకు ఒక్క పిడే ఉంది.