తొమ్మిదో చుట్టు

గునపం బ్యాండు వాళ్ళు కొత్త ఆల్బమ్‌కి 'దూది' అని పేరు పెట్టారని తెలిసిన రోజే నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా గుండెల్లో గునపం దిగినట్టు పాడినవాళ్ళు ఇప్పుడు దూది అంటారా? గిటార్లకు కరెంటు తీసేశారట. కుర్చీలు వేసుకుని కూర్చుని పాడతారట. డ్రమ్ములాయన కర్రలు పక్కన పడేసి చేతులతో తడుతున్నాడట. ఇంకొన్నాళ్ళు పోతే పడుకుని పాడతారు, మనం కూడా జోలపాట అనుకుని గురక పెట్టొచ్చు.

నేను తలుపులూ కుర్చీలూ చేసే కార్ఖానాలో పెద్దమేస్త్రిని. ఇరవై ఎనిమిదేళ్ళుగా చిత్రిక మిషను నాదే. పలక లోపలికి వెళ్తుంటే మోత మారే తీరును బట్టి కణుపు ఎక్కడుందో ముందే చెప్పేస్తాను. అందుకే గునపం అభిమాన సంఘంలో అందరూ నన్ను పాముచెవి మేస్త్రి అంటారు. సంఘానికి అధ్యక్షుణ్ణి కూడా నేనే. ఏ పాటలో గాయకుడు ఎక్కడ ఊపిరి పీల్చాడో, ఎక్కడ తీగ తెగిందో తేల్చాలంటే నా దగ్గరికే రావాలి. పాముకి అసలు చెవులే ఉండవని మా బామ్మర్ది అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటాడు. వాడి మాట ఎవడు లెక్క చేస్తాడు?

ఆదివారం మధ్యాహ్నం గునపం మా ఊళ్ళో పాడబోతోంది. ప్రదర్శనకు ముందు మా సంఘానికి పది నిమిషాలు ఇచ్చారు. అధ్యక్షుడు, అంటే నేను, బ్యాండులోని ఆ నలుగురి ఎదుటా నిలబడి సంఘం తరఫున ఒక ఉత్తరం చదవాలి. ఆ పది నిమిషాల కోసం నేను సగం జీవితం ఎదురుచూశాను. అందుకని వారం రోజులు కూర్చుని ఉత్తరం రాశాను, నిజం చెప్పాలంటే నూరాను. బుధవారం భోజనాల వేళ మిషన్లు ఆగాక, సంఘంలో సభ్యులైన ఇద్దరికి చదివి వినిపించాను. ఒకడు లేతు మిషను నడిపే మా బామ్మర్ది. ఇంకొకరు తలుపులకు వార్నిషు వేసే వార్నిషక్క. ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్నది, కానీ కార్ఖానా అంతా అక్క అంటుంటే నేనొక్కణ్ణి వేరే ఏమని పిలుస్తాను?

"మీరు ముసలివాళ్ళయ్యారు, అది తప్పు కాదు," అని చదివాను. "మోత మానేశారు, అది తప్పు. రికార్డు మొత్తం వెతికినా ఒక్క ఇత్తడి చప్పుడు లేదు. మూడో పాట మధ్యలో ఎనిమిది చుట్లు మీరు పాడనూ లేదు, వాయించనూ లేదు. ఖాళీని కూడా అమ్మడం మొదలుపెట్టారా?"

చుట్టంటే నాలుగు దెబ్బలు. ఎనిమిది చుట్లంటే ముప్పై రెండు దెబ్బలు. అంతసేపూ వట్టి నిశ్శబ్దం! అన్నం డబ్బా మూత తీసి, తినకుండా మూసేసినట్టు.

వార్నిషక్క ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "అదేంటన్నా? ఆ ఎనిమిది చుట్లే కదా రికార్డుకి ప్రాణం! అక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు జలదరిస్తుంది."

"ఏముందమ్మా అక్కడ జలదరించడానికి?"

"ఏమీ లేనట్టే ఉంటుంది, అదేగా గొప్ప! ఇన్నేళ్ళు అరిచి చెప్పింది ఇప్పుడు అంత చిన్నగా చెబుతున్నారు. ముప్పై ఏళ్ళు అరిచినవాడికే తెలుస్తుంది ఎప్పుడు ఆపాలో."

"అరవలేనివాడు కూడా అదే అంటాడు. అందని ద్రాక్షపళ్ళు!"

"పాతదే మళ్ళీ పాడమంటే వాళ్ళు మనుషులా, గోడ గడియారాలా?" అంది ఆవిడ గొంతు పెంచి. "మీరు పాతికేళ్ళ క్రితం చేసిన కుర్చీయే ఇప్పుడూ చేస్తున్నారా?"

"దానికి నాలుగు కాళ్ళుండేవి, దీనికీ నాలుగే ఉన్నాయి. మీ దూదికి ఒక్క కాలూ లేదు!"

బామ్మర్ది ఇద్దరి మధ్యా తల తిప్పుతూ తింటున్నాడు. వాడికి గొడవ ఉంటే కూర అక్కర్లేదు. "అదంతా సరే బావా, ఇత్తడి చప్పుడే లేదని రాశావేంటి? మరి గంటో?"

"ఏ గంట? భోజనం గంట తప్ప నేనేమీ వినలేదు."

వాడు పొలమారేలా నవ్వాడు. నా మాటకి నవ్వడం వాడికి అలవాటే. వార్నిషక్క మాత్రం నవ్వలేదు. నా వంక ఒక క్షణం చూసి, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మోత అంటే ఏమిటో వీళ్ళకి వినిపించి తీరాలనుకున్నాను. కార్ఖానా మూల ఒక పాత మ్యూజిక్ సిస్టమ్ ఉంది. దానికి ముందువైపు మూడు గుండీలు. ఒకటి శబ్దం పెంచడానికి, ఒకటి కింది శబ్దాలకి, అంటే బేస్‌కి, ఒకటి సన్నటి పై శబ్దాలకి, అంటే ట్రెబుల్‌కి. "గునపం మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట పెట్టండి!" అన్నాను.

"నేను పెడతానుండండి," అంటూ వార్నిషక్కే వెళ్ళి, నాకు వీపు పెట్టి, ఏదో తిప్పి పాట మొదలెట్టింది.

ఆహా! గిటారు అందుకోగానే నా మోకాళ్ళలో నొప్పి ఎటు పోయిందో. రంపపు పొట్టు మీద నిలబడి పెన్సిలు డ్రమ్ముకర్రలా పట్టుకున్నాను. డ్రమ్ముల పక్కన వేలాడే ఇత్తడి పళ్ళేలు, అవే సింబల్స్, అవి మోగే ప్రతి చోటా గాల్లో కొట్టాను. ఝాం! ఇదిగో! ఝాం! "విన్నారా? ఇదీ ఇత్తడంటే! చెవులు గింగురుమంటున్నాయా లేదా?"

పాట ఆగింది. బామ్మర్ది నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. వాడి మొహంలో నవ్వు లేదు. దాంతో నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

"అన్నా," అంది వార్నిషక్క మెల్లగా, "పై శబ్దాల గుండీ నేను పూర్తిగా కిందికి తిప్పేశాను. మాకు పాట దుప్పటి కింద పాడినట్టు వినబడింది. ఆ ఇత్తడి పళ్ళేలు మాకెవరికీ వినబడలేదు."

"అబద్ధం! నేను విన్నాను!"

"మీకు గుర్తుందన్నా. ఎక్కడ మోగుతుందో అంత బాగా గుర్తుంది."

నేను విసురుగా వెళ్ళి ఆ గుండీని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పి, పాట మళ్ళీ పెట్టాను. బామ్మర్ది చెవులు మూసుకున్నాడు. నాకు ఇందాకటికీ ఇప్పటికీ పిసరంత తేడా లేదు.

అప్పుడు ఆవిడ 'దూది'లో మూడో పాట పెట్టింది. ఆ ఎనిమిది చుట్లు వచ్చేముందు తనూ బామ్మర్దీ ఒకరికొకరు వీపులు తిప్పుకుని నిలబడ్డారు. గాయకుడు ఆగాడు, గిటార్లు ఆగాయి. నాకు మిగిలింది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ చూపుడు వేలు ఎత్తి గాల్లో కొట్టడం మొదలుపెట్టారు. ఒకరినొకరు చూసుకోవడం లేదు. అయినా రెండు వేళ్ళూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి దిగుతున్నాయి. ముప్పై రెండు సార్లు. నన్ను ఆటపట్టిస్తున్నారని అనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

నాకు భయమేసింది. మిషన్ల మోత చెవుల్లో పడకుండా పెట్టుకోమని ఇచ్చిన చెవిడిప్పలు ఇరవై ఎనిమిదేళ్ళుగా మేకుకే వేలాడుతున్నాయి. వాటిలో నేను పెన్సిళ్ళు పెట్టుకుంటాను.

"పోయిన వారం పలకలు అంటించే బంక ప్రెస్సు దగ్గర పని అయిందని గంట మోగుతుంటే మీరు దాని పక్కనే నిలబడి నన్ను పిలిచారు, ఇంకా ఎందుకు మోగలేదని," అంది వార్నిషక్క. "అప్పట్నుంచీ అనుమానమే. ఎలా చెప్పాలో తెలియలేదన్నా."

బామ్మర్ది నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎవరికీ చెప్పొద్దు బావా. ఉత్తరంలో ఇత్తడి సంగతీ, ఖాళీ సంగతీ కొట్టేస్తే సరి. పాముచెవి పాముచెవిగానే ఉంటుంది."

మాట మంచిదే. కానీ నాకు సంఘం పరువు కంటే ఇంకోటి గుచ్చుకుంటోంది. పాతపాటలు గొప్పవి, కొత్తవి చచ్చువి అని నెలరోజులుగా కనబడిన ప్రతివాడితోనూ తగువు పడ్డాను. తీరా చూస్తే పాతవాటిని నేను వింటున్నదే లేదు, తలుచుకుంటున్నాను. వినాల్సి వచ్చింది కొత్తదాన్ని మాత్రమే. అక్కడ దొరికిపోయాను.

సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఏటా కార్ఖానాకి వచ్చే చెవి పరీక్షలో నర్సు శబ్దం పెట్టే వేలు అద్దంలో చూస్తూ, వినబడినట్టు బొత్తాం నొక్కేవాణ్ణని కూడా చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలవడం ఆపేసింది.

"నేను పిలిస్తే పలకనిది పొగరనుకున్నానండీ," అంది. "ఆరేళ్ళుగా తిట్టుకుంటున్నాను."

"మనసులోనా?"

"మనసులో ఎందుకు, పైకే. వినబడనందుకు సంతోషించండి."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ కళ్ళు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. మర్నాడు పొద్దున్నే నన్ను చెయ్యి పట్టుకుని చెవిమిషన్ల దుకాణానికి లాక్కెళ్ళింది. అక్కడి అమ్మాయి దగ్గర అద్దం లేదు. బుద్ధిగా పరీక్ష రాసి తప్పాను. కింది శబ్దాలకు నా చెవి ఇప్పటికీ పాముచెవే, పైవాటికి మాత్రం మూసుకుపోయిందని ఆ అమ్మాయి గీత గీసి చూపించింది. వారం పాటు వాడి చూడమని చిక్కుడుగింజంత మిషన్లు రెండు పెట్టి పంపింది. బయటికి రాగానే ఉలిక్కిపడ్డాను. మా ఆవిడ చేతిలో తాళంచెవుల గుత్తి మోగుతోంది! వీధి చివరిదాకా అది మోగుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

శనివారం భోజనాల వేళ మూడో పాట పెట్టమన్నాను. గాయకుడు ఆగాడు. గిటార్లు ఆగాయి. అప్పుడు వచ్చింది. పిల్లలు ఆడుకునేంత చిన్న గంట. ఒక్కటే. సన్నగా, తడబడకుండా, ఎవరినీ లెక్కచేయకుండా మోగింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వార్నిషక్క ఊపిరి బిగపట్టి నా మొహం వంకే చూస్తోంది. ఎనిమిది చుట్లయ్యాయి, గిటారు అందుకుంది. అంతే, నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

"ఇదేం అన్యాయం! ఎనిమిదికే ఆపేశారేంటి? ఇంకో ఎనిమిది వాయిస్తే వీళ్ళ సొమ్మేం పోయేది?"

వాళ్ళిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "పోనీలే, బావ బావలాగే ఉన్నాడు," అన్నాడు బామ్మర్ది.

ఆదివారం మధ్యాహ్నం వేదిక వెనక గదిలో సంఘం వాళ్ళం నలభై మందిమి నిలబడ్డాం. నలుగురూ కుర్చీల్లో ఎదురుగా కూర్చున్నారు. దగ్గరగా చూస్తే నాలాగే ఉన్నారు, జుట్టు పలచబడి, కళ్ళ కింద సంచులతో. జేబులోంచి ఉత్తరం తీశాను. పాతదే. ఒక్క వాక్యం కూడా కొట్టేయలేదు. ముసలివాళ్ళయ్యారు దగ్గర్నుంచి ఖాళీ అమ్ముతున్నారా దాకా గట్టిగా చదివాను. గాయకుడి కనుబొమ్మలు పైకి వెళ్ళాయి.

"ఇది రాసినవాడు చెవిటివాడు," అన్నాను. "వాణ్ణే ఈ సంఘం పాముచెవి అని నెత్తిన పెట్టుకుంది. సంఘం నన్ను క్షమించాలి. ఆ ఖాళీలో గంట ఉందని నాకు బుధవారం తెలిసింది, శనివారం వినబడింది." చెవిలోంచి మిషను తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాను. "విన్న తర్వాత మా కోరిక మారింది. ఎనిమిది చుట్లు చాల్లేదు. మీ ఇష్టం, నా గొడవ ఇంతే."

నా వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. చూడక్కర్లేదు, అది వార్నిషక్కే. తర్వాత అందరూ కొట్టారు. గాయకుడు పెద్దగా నవ్వాడు. డ్రమ్ములాయన నవ్వలేదు. నన్ను కింది నుంచి పైకి చూసి, "ఎక్కడ కూర్చుంటారు?" అని మాత్రం అడిగాడు.

"మొదటి వరుసలో, ఎడమవైపు."

మిషను మళ్ళీ పెట్టుకుని మా వరుసకి వెళ్ళాను. ఒక పక్క మా ఆవిడ, ఒక పక్క వార్నిషక్క, ఆ పక్కన బామ్మర్ది. మూడో పాట వచ్చింది. గాయకుడు ఆగాడు. గిటార్లు ఆగాయి. డ్రమ్ములాయన ఒళ్ళోంచి చిన్న ఇత్తడి గంట తీశాడు. అంత పెద్ద హాలూ చిన్నపిల్లలా వింటోంది. ఒకటి, రెండు, మూడు. లెక్కపెడుతూనే ఉన్నాను. ఎనిమిదో చుట్టులో నాలుగో దెబ్బ పడింది. ఇప్పుడు గిటారు అందుకోవాలి. గిటారాయన చెయ్యి తీగల మీదికి వెళ్ళి ఆగిపోయింది.

డ్రమ్ములాయన మా వరుస వైపు చూసి తొమ్మిదో చుట్టు మొదలుపెట్టాడు.

ఇది ఏ రికార్డులోనూ లేదు. నాకు గుర్తుండే అవకాశమే లేదు. నేను చూపుడు వేలు ఎత్తాను. అటుపక్క వార్నిషక్క వేలు లేచింది, దాని పక్కన బామ్మర్ది వేలు లేచింది. వాళ్ళ వంక చూడకుండా కళ్ళు మూసుకుని, గంటతో పాటు పదహారో చుట్టు దాకా కొట్టాను. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.