కుదురు కదలకుండా

ఐదో మంచం దుప్పటి మార్చి, పాత దుప్పటి చుట్టి బకెట్లో పడేసి మార్తమ్మ ఆరో మంచం దగ్గరికి వచ్చేసరికి సిస్టరమ్మ చేతిలో కత్తెర ఉంది.

"తలంతా అట్టకట్టిపోయింది మార్తమ్మా. పుండ్లు పడితే ఇంకా కష్టం. కత్తిరించేద్దాం, నువ్వు తల పట్టుకో."

ఆరో మంచం ఇంద్రజది. పాములపాడు పిల్ల. ఇరవై ఆరేళ్ళు, చిన్నపిల్లల బడిలో టీచరు. కిడ్నీలు రెండూ చెడిపోయి నంద్యాలలో ఈ ఆసుపత్రికి వచ్చి నలభై రోజులు దాటింది. వచ్చిన రోజున ఆమె ఉంగరాల జుట్టు భుజాల నిండా పరుచుకుని ఉండడం మార్తమ్మ చూసింది. అన్ని రోజులు వెల్లకిలా పడుకుని ఉండడంతో ఇప్పుడది వెనకవైపు చాపలా అల్లుకుపోయింది.

"కొయ్యొద్దు సిస్టర్," అంది ఇంద్రజ. కాళ్ళ దగ్గర కూర్చున్న తల్లి భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇరవై రెండేళ్ళ ఆయా ఉద్యోగంలో మార్తమ్మ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఆ పూట ఎందుకో నోరు తెరిచింది.

"సాయంత్రం దాకా టైమియ్యండమ్మా. నా పనులు చేసుకుంటానే చిక్కు తీస్తా. ఒక్క ఎంటిక గూడా తెంపను."

సిస్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "ఐదింటికి వచ్చి చూస్తా," అని కత్తెర జేబులో వేసుకుంది.

మార్తమ్మది ఆళ్ళగడ్డ. రోజూ ఆరున్నర బస్సుకు నంద్యాల వస్తుంది. పొట్టి మనిషి. ఫినాయిలు నీళ్ళకు వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. మెడ దాటి జుట్టు పెంచుకోదు. ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోతే, నాయన జయరాజు తీసుకెళ్ళి హాస్టల్లో చేర్చాడు. ఈ రింగులు ఎవరు దువ్వుతారంటూ మొదటి రోజే అక్కడి ఆయా కొళాయి దగ్గర కూర్చోబెట్టి గుండు గీయించింది. తన జుట్టు నీళ్ళలో తిరుగుతూ కాలువలోకి పోతుంటే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే అన్నం పెట్టరేమోనని భయం.

తర్వాత కూతురు బ్లెస్సీకి అదే జుట్టు వచ్చింది. అప్పటికే భర్త లేడు. బస్సు పోతుందనే తొందరలో మార్తమ్మ పొడి జుట్టునే కుదుళ్ళ దగ్గర్నించి బరబరా దువ్వేసేది. దువ్వెన కనబడితే చాలు, పిల్ల మంచం కిందికి దూరేది. ఒకరోజు ఎండలో చూస్తే పిల్ల కణత పైన రూపాయి బిళ్ళంత మేర జుట్టు లేదు. ఆ రోజు మార్తమ్మ పనికి పోలేదు. మర్నాటి నుంచి గంట ముందు లేచి, నీళ్ళూ నూనే పెట్టి, వేళ్ళతోనే చిక్కు తీయడం తనకు తానే నేర్చుకుంది. పదిహేనేళ్ళు తీసింది. బ్లెస్సీ ఇప్పుడు కర్నూలులో బట్టల షాపులో పనిచేస్తోంది. కిందటి క్రిస్మస్‌కు జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకుని వచ్చి, "ఇంగ నీకా పని లేదులేమ్మా," అని నవ్వింది. మార్తమ్మ కూడా నవ్వింది.

భారతమ్మ కొబ్బరినూనె సీసా తీసి ఇచ్చింది. మార్తమ్మ గిన్నెలో నీళ్ళు పోసి, నూనె కలిపి, జుట్టంతా తడిపింది. చిన్న చిన్న పాయలుగా విడదీసి, పని లేని పాయలకు క్లిప్పులు పెట్టింది. ముందు కొసలు. చిటికెన వేలంత మేర విడితేనే దాని పైకి పోవడం. గట్టి ముడి వస్తే నూనె వేలితో దాన్ని తడుముతూ, వదులైన వెంట్రుకను వెతికి పట్టుకుని మెల్లగా బయటికి లాగేది.

"నొప్పిగా ఉండాదా పాపా?"

"ల్యాదత్తా."

"ముడికి పైన నేను గట్టిగా పట్టుకుంటా. లాగేదంతా నా చేతికే తగుల్తాది. నీ దాకా రాదు."

మధ్యలో లేచి బెడ్‌పాన్‌లు తీసింది, రెండో మంచం ముసలమ్మకు ముద్దలు పెట్టింది, చేతులు కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చుంది. మధ్యాహ్నానికి సగం తల చిక్కు విడిపోయింది. ఒక పాయ దానంతటదే చుట్టుకుని చెంప మీద పడితే ఇంద్రజ దాన్ని వేలికి చుట్టుకుంది.

"మా బడి పిల్లోల్లు నా జుట్లో పెన్సిల్ గుచ్చుతారత్తా. కింద పడదు. మర్సిపోయి ఇంటికి పోతే మాయమ్మ తీస్తాది."

"ఒగ దినం మూడు పెన్సిళ్ళు," అంది భారతమ్మ. వచ్చిన ఇన్ని రోజుల్లో ఆమె నవ్వడం మార్తమ్మ చూసింది అదే మొదటిసారి.

నాలుగు దాటింది. కుడి చెవి వెనక ఒక్క ముడి మిగిలింది.

"నిద్రొస్తాంది అత్తా."

"పండుకో పాపా. నేను మెల్లగా తీస్తాలే."

కాసేపటికి మార్తమ్మ వేళ్ళు ఆగాయి. చెవి వెనక, చర్మం కింద ఇంతసేపూ తన వేలికి తగులుతున్న చిన్న కదలిక ఇప్పుడు లేదు. ఆమె కేకేసింది. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. గుండె మీద నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. చివరికి గోడ గడియారం చూసి టైము చెప్పాడు. భారతమ్మ అరుపు వరండా దాకా వినబడింది.

ఐదింటికి సిస్టరమ్మ కాగితాలతో వచ్చింది. "ఇంక చాల్లే మార్తమ్మా," అంది, ఈసారి మెత్తగా.

"ఒక్క ముడి ఉండాదమ్మా."

మార్తమ్మ మళ్ళీ తల దగ్గర కూర్చుంది. కుదురు కదలకుండా ఎడమ చేత్తో ముడికి పైన గట్టిగా పట్టుకుంది. వేలికి నూనె రాసుకుని, వదులైన వెంట్రుక కోసం వెతికింది. ఎవరూ తొందర పెట్టలేదు. ముడి విడిపోయాక తలంతా ఒకసారి వేళ్ళతో సర్ది, వదులుగా జడ అల్లి, భుజం మీదుగా గుండెల మీదికి వేసింది.

భారతమ్మ ఆ జడను పైనుంచి కొస దాకా నిమిరింది. "చిన్నప్పుడు నేను గూడా ఇంత నెమ్మదిగా తీయల్యా మే," అంది. మార్తమ్మకు బ్లెస్సీ కణత పైన ఖాళీగా ఉన్న చోటు గుర్తొచ్చింది. "నేనూ అంతే అక్కా," అంది.

పాములపాడు నుంచి మనుషులు వచ్చి తీసుకుపోయారు. ఆళ్ళగడ్డ బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. రాత్రికి కొత్త పేషెంటు వస్తుందని చెబితే మార్తమ్మ ఆరో మంచం దుప్పటి లాగేసింది. తలగడ గలీబు విప్పబోయి ఆగిపోయింది. తలగడ నడుమ, తల ఆనిన గుంట చుట్టూ, నూనె మరక ఇంకా తడిగానే ఉంది.