వేడి ఎవరిది?

ఇస్త్రీ హాలులో మా మరదలు కళ్లు తిరిగి పడిపోయింది. తమ్ముడి భార్య, కడుపుతో ఉన్న పిల్ల. పైన రేకుల కప్పు. తెల్ల చొక్కాల మీద దుమ్ము పడుతుందని కిటికీలన్నీ బిగించి మమ్మల్ని ఉడకబెడుతున్నారు. సూపర్‌వైజరు ఆమె ముఖాన నీళ్లు కొట్టి, పక్కన కూర్చోబెట్టి, ఆ పూట కూలి కోసేశాడు.

యజమాని వచ్చి ఎక్కడలేని జాలి ఒలకబోశాడు. భూమంతా వేడెక్కిపోతోందట, అందులో తన చేతుల్లో ఏముందట, మనమందరం బాధ్యులమేనట. మర్నాటికి గోడ మీద పోస్టరు వెలిసింది. నోట్లో థర్మామీటరు పెట్టుకున్న భూగోళం, కింద లైట్లు ఆర్పమని సలహా. మాకు ఒళ్లు మండింది. వాడు చెప్పాడు కాబట్టి అది అబద్ధమేనని తేల్చేశాం.

రేడియో ఒక్కతే ఒప్పుకోలేదు. చివరి బల్ల దగ్గర పనిచేసే ఆమెకు నా అన్నవాళ్లు లేరు. ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే, అందులో విన్నదల్లా మా చెవిన వేసేది. అందుకే ఆ పేరు పెట్టాం.

"ఎండలు నిజంగానే ముదురుతున్నాయి," అంది మా కార్మిక సంఘం గదిలో. "అబద్ధమని కొట్టిపారేస్తే వాడికే దొరికిపోతాం."

యజమాని తొత్తని ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి ఆమె పక్కన కూర్చుని తినేవాళ్లు లేరు. మెట్ల కింద గోడవైపు తిరిగి రెండు ముద్దలు తిని లేచేది.

మేము ఊరేగింపుగా వెళ్లి ఏమడిగామో తెలుసా? పోస్టరు తీసెయ్యమని. నవ్వకండి. యజమాని నవ్వుతూనే చించేశాడు. చప్పట్లు కొట్టి వచ్చాం. హాల్లో వేడి ఇసుమంతైనా తగ్గలేదు.

మరుసటి వారం మరదలు మళ్లీ తూలింది. ఈసారి పొట్ట పట్టుకుంది. రేడియో తన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, సూపర్‌వైజరు అరుస్తున్నా వినకుండా కిటికీ గడియ లాగింది. యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"ఎండ అందరి నెత్తినా పడేదేనండీ," అంది ఆమె. "ఈ కిటికీ మూయించింది మాత్రం మీరు."

ఆమెను రెక్క పట్టుకుని బయటికి గెంటించాడు. వెళుతూ ఆమె మావైపు చూసింది. ఒక్కరం కూడా కదల్లేదు.

అప్పుడు బల్ల పట్టుకుని లేచింది మా మరదలు.

"భూమి వేడెక్కిందన్నారు కదా. నమ్ముతున్నామండీ. అందుకే కిటికీలు తెరిపించి, మధ్యాహ్నపు ఎండవేళ పని ఆపిస్తామని మీరు ఒప్పుకునేదాకా ఇస్త్రీపెట్టె ముట్టుకోం."

ఒక పెట్టె ఆగింది. పక్కనే ఇంకొకటి. ఆవిరి చప్పుడు అణిగిపోయాక మా ఊపిరి మాకే వినిపించింది. వెళ్లి కిటికీలన్నీ తెరిచాం.

కింద రోడ్డు మీద యజమాని పిలిపించిన పోలీసు వ్యాను ఆగి ఉంది. దౌర్జన్యం చేసిందని రేడియోను ఎక్కిస్తున్నారు. అందరం "అక్కా" అని అరిచాం. ఆమెను అలా పిలవడం అదే మొదలు. వినపడిందో లేదో, తలెత్తకుండానే ఎక్కేసింది.

మరదల్ని ఆసుపత్రికి పంపించాం. కడుపులో బిడ్డ క్షేమమేనన్న కబురు దారిలో అందింది. మిగిలినవాళ్లం ఆ ఎండలోనే స్టేషనుకు నడిచాం. కిటికీ తెరిచింది మేమేనని, మమ్మల్నీ లోపల వెయ్యమని చెప్పి మెట్ల మీద కూర్చున్నాం.