గడియలు లేని ఇల్లు

పిచ్చాసుపత్రిలో తాళం వేసి ఉంచే వార్డు ఆమెది. నడుముకు తాళాల గుత్తి లేకుండా ఎవరూ ఆమెను చూసి ఎరగరు కాబట్టి, రోగులూ తోటి నర్సులూ తాళాలక్క అనే పిలిచేవారు. అలాంటి మనిషిని కొత్త శిక్షణకు పంపారు. మనసు చెదిరినవాళ్లను ఇంట్లోంచి లాక్కురాకుండా, ఇంటివాళ్లనూ దగ్గరివాళ్లనూ కూడగట్టి అందరిచేతా మాట్లాడించే పద్ధతి అది.

"మంత్రాలకు చింతకాయలు రాలతాయా?" అనుకుంది తాళాలక్క.

శిక్షణ ఇచ్చే పెద్దావిడ మాత్రం ఒక్కదానికి గట్టిగా పట్టుబట్టింది. "రోగి వెనకాల రోగి గురించి మాట్లాడకండి. ఇంటికి జంటగా వెళ్లే మీ ఇద్దరికీ ఏమనిపించినా వాళ్ల ఎదుటే చెప్పుకోండి."

తాళాలక్కకు జతపడ్డ ఆ రెండో మనిషి ఒక దర్జీ ఆవిడ. ఒకప్పుడు ఎవరికీ వినపడని గొంతులు విని, వార్డుల్లో మగ్గి, బయటపడ్డ మనిషి. ఇప్పుడు అలాంటివాళ్లకు తోడుగా వెళ్తోంది.

ఇద్దరూ కలిసి వెళ్లిన మొదటి ఇల్లు మూడో అంతస్తులో ఉంది. అడుగు పెట్టగానే తాళాలక్క కళ్లు తలుపుల మీదికి పోయాయి. ఒక్క గది తలుపుకీ గడియ లేదు. ఊడదీసిన మేకుల గుంటలు మాత్రం ఉన్నాయి. దండెం తాడు కోసేసినట్టుంది, తడిబట్టలు కుర్చీల మీద ఆరుతున్నాయి. వంటింట్లో తల్లి కూరగాయలు చేత్తో తుంచుతోంది.

కూతురు తండ్రి గది గడప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కళ్లు పీక్కుపోయాయి. రెప్ప వాల్చడం లేదు.

"గడియలు ఊడదీసింది, కత్తులన్నీ మాయం చేసిందండీ," అన్నాడు మేనమామ, అందరూ కూర్చోగానే. "అడిగితే మాట్లాడదు, పడుకోదు. ఏ పూట ఎవరి పీక మీదికొస్తుందో! ఇవాళే తీసుకుపొండి."

"మీ అక్క వంటకి కత్తులు చాలవురా బావమరిదీ, గునపం కావాలి," అన్నాడు తండ్రి. బస్సు డ్రైవరు. తన మాటకు తానే పగలబడి నవ్వాడు. మేనమామా నవ్వాడు. కూతురు నవ్వలేదు.

"నవ్వేవాడే ముందు పోతాడంట," అంది నెమ్మదిగా. "గొంతులు చెబుతున్నాయి."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇలాంటి మాట వార్డులో వినపడితే తాళాలక్క మరో ఆలోచన చేసేది కాదు, సూది మందే. చెయ్యి ఫోను మీదికి వెళ్లింది. అంతలో పెద్దావిడ మాట గుర్తొచ్చి, దర్జీ వైపు తిరిగింది.

"నాకు భయంగా ఉంది," అంది అందరికీ వినపడేలా. "ఈ ఇంట్లో ఒకళ్ల ప్రాణం మీదికి వస్తుందనిపిస్తోంది. ఆసుపత్రి బండి పిలుద్దామనుకుంటున్నా."

"నాకూ భయంగానే ఉందక్కా," అంది దర్జీ. "కానీ ఈ పిల్ల కళ్లల్లో నాకు కోపం కనపడలేదు. కాపలా కాసేవాళ్ల కళ్లలా ఉన్నాయి. ఎవర్ని కాస్తోందో అడగాలనుంది."

కుర్చీ మీది తడిచొక్కా నుంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి.

"నాన్నని," అంది కూతురు.

తండ్రి మళ్లీ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

"మంచి చొక్కాలన్నీ పంచిపెట్టేశాడు. వాచీ మామయ్యకిచ్చేశాడు. ఎవరూ ఎందుకని అడగలేదు."

మేనమామ తన మణికట్టు వంక చూసుకున్నాడు. "నాకింక టైముతో పనేంట్రా అన్నావు కదా బావా... వేళాకోళం అనుకున్నాను."

బండి పిలిచి ఉంటే, ఈ ఇంట్లో మేలుకుని ఉన్న ఒకే ఒక్క మనిషిని తాను ఎత్తుకుపోయేది. తాళాలక్క ఫోను పక్కన పెట్టింది. కుర్చీ తండ్రికి దగ్గరగా జరుపుకుంది.

"చచ్చిపోదామనుకుంటున్నారా అన్నయ్యా?" అని సూటిగా అడిగింది.

ఆయన వాచీ లేని తన మణికట్టు రుద్దుకున్నాడు.

"ఆదివారం," అన్నాడు చివరికి. "చుట్టాల పెళ్లికి వీళ్లందర్నీ ముందు పంపించేద్దామనుకున్నా."

తల్లి చేతిలోని గిన్నె జారిపోయింది.

ఆ సాయంత్రం చాలాసేపు ఎవరూ లేచి వెళ్లలేదు. ఆయన బస్సు కింద ఒక మనిషి పడి చచ్చిపోయాడని, తప్పు డ్రైవరుది కాదని తేల్చారని, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదని ముక్కలుముక్కలుగా బయటికొచ్చింది. అప్పటినుంచే ఆయనకు నవ్వులు ఎక్కువయ్యాయట. ఇవాళ ఒంటరిగా ఉండలేనని తానే ఒప్పుకున్నాడు. తాళాలక్క అందరి ఎదుటే డాక్టరుకు ఫోను చేసింది. ఆసుపత్రికి ఆయన వెంట మేనమామ వెళ్లాడు. కూతురు గడప మీదే ఒరిగి నిద్రపోయింది. తల్లి దుప్పటి కప్పి, పక్కనే చతికిలబడింది.

అంతటితో గండం గడిచిందని ఎవరూ అనలేదు. ఆదివారం ఎవరూ పెళ్లికి వెళ్లలేదు. తండ్రి ఇంటికొచ్చాక కూడా గొంతులు కూతుర్ని వదల్లేదు. ఒక్కోరోజు ఆయన స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. తాళాలక్కా దర్జీ వారం వారం వెళ్తూనే ఉన్నారు. చాలా వారాలు ఆయన ఆ బస్సు ప్రమాదం గురించి ఏమీ చెప్పలేదు.

ఒకరోజు, ఎవరూ అడగకుండానే, గోడకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆయన చేతిలో గొడుగుంది. ఎర్రది..."

మేనమామ ఏదో అనబోతే కూతురు అతని చెయ్యి పట్టుకుని ఆపింది.