వంటింటి గోడ దాకా తవ్విన అల్లుడు

అత్తలకు గోతులు తవ్వే అల్లుళ్లు లోకంలో చాలామందే ఉంటారు. అనుమతి తీసుకుని, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, పొక్లెయిన్ ఎక్కి మరీ తవ్వినవాడు మాత్రం మా బావ ఒక్కడే.

మా ఇంటి పక్క స్థలంలో ఒకప్పుడు పెట్రోలు బంకు ఉండేది. బంకు పోయింది, బంకమట్టి మిగిలింది. భూమిలో పాతిన ట్యాంకు తుప్పుపట్టి, ఏళ్ల తరబడి చుట్టుపక్కల మట్టికి పెట్రోలు తాగించింది. ట్యాంకును పీకేసి, ఆ తాగుబోతు మట్టిని శుద్ధి చేసే చోటికి పంపి, గోతిని మంచిమట్టితో పూడ్చే పని బావ ఒప్పుకున్నాడు. వాసన పట్టే మీటరుతో గట్టున నిలబడడం నా ఉద్యోగం. లోతు గోతిలోకి మనిషి దిగకూడదు. అందుకని పొక్లెయిన్ బకెట్టు మట్టిని పైకి తెస్తుంది, ఆ బకెట్టులోనే నేను మీటరు మూతి పెడతాను. అది కూస్తే ఇంకా తవ్వాలి, నోరు మూసుకుంటే ఆపాలి. మా కుటుంబంలో నోరు మూసుకోవడం తెలిసింది దానికొక్కదానికే.

ఎండాకాలంలో మూడు వైపులా మీటరు నోరు మూసుకుంది. వానలు పడ్డాక నాలుగో వైపు మొదలుపెట్టాం. ఆ వైపున మా వంటిల్లు ఉంది. రోజూ కూతే. రోజూ గొయ్యి ఒక బార ముందుకు. చివరికి వంటింటి గోడ ముందుకొచ్చి, పిలవని చుట్టంలా నిలబడింది.

“అత్తయ్యా! ఎల్లుండి మట్టి తనిఖీకి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. పెట్రోలు మీ వంటింటి కిందకి పాకిందని తేలితే గోడ పడగొట్టక తప్పదు,” అన్నాడు బావ, గోతికి అవతలి ఒడ్డునుంచి. ఇలాంటి మాటలు దగ్గరికొచ్చి చెప్పే అల్లుడు ఇంకా పుట్టలేదు.

కిటికీలోంచి ముందు గరిట వచ్చింది, వెనకాల మా అమ్మ వచ్చింది.

“పెళ్లయి వచ్చిననాటి నుంచీ ఈ పొయ్యి దగ్గరే ఉన్నాను. మీ ఆవిడ వండిన రోజున మాడు వాసన వచ్చింది గానీ, పెట్రోలు వాసన ఏనాడూ రాలేదు!”

“మన ముక్కుకు తెలీదండీ. మీటరుకు తెలుస్తుంది.”

“వానలో నిలబెడుతున్నారుగా, దానికి జలుబు చేసుంటుంది.”

బావకు పౌరుషం పొడుచుకొచ్చింది. “ఎంత దూరం పాకిందో ఇప్పుడే చూపిస్తానుండండి!” అంటూ పొక్లెయిన్‌ను ఇంటి వెనక్కి తిప్పి, అమ్మ కూరగాయల మడిలో బకెట్టు దింపాడు. నేను మీటరు పెట్టాను. కూసింది.

“చూశారా! ఇల్లు దాటిపోయింది!” అని గెలిచినట్టు అరిచాడు.

అమ్మ గరిట దించేసింది. గోడ మీద చెయ్యి వేసి, “అయితే ఇల్లంతా కూల్చేస్తారా?” అంది, గొంతు తగ్గించి. ఆ గొంతులో అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు. బావ కూడా వినలేదు. గెలిచినవాడి మొహం కాస్తా గోతిలో పడింది.

ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుందన్న ఆశతో వీధి వైపు మిట్ట మీదకెళ్లి తవ్వాడు. అక్కడా కూతే.

“బావా, పెట్రోలు మిట్టెక్కుతుందా?”

“నోర్ముయ్‌రా. మళ్లీ చూడు.”

మళ్లీ మడి దగ్గరికే బయల్దేరాడు. ఈలోగా అమ్మ చిన్న పార పట్టుకుని తన మడిలోకి దిగి, బావ తవ్విన చోటే మట్టి తీసి స్టీలు పళ్లెంలో నా ముందు పెట్టింది. సైన్సు తెలిసి కాదు, ఆ బకెట్టును తన వంకాయ మొక్కల మీద మరోసారి వాలనివ్వకూడదని.

“దీన్లో పెట్టరా నీ మీటరు!”

పెట్టాను. అలికిడి లేదు. తట్టాను, ఊదాను, తిట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎందుకో తోచి, మీటరును ఖాళీ బకెట్టులో పెట్టాను. చెవులు చిల్లులు పడేలా కూసింది.

బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వానలకు బంకమట్టి బకెట్టును జిడ్డులా పట్టుకుని వదలడం లేదని, బావ రోజూ పొద్దున్నే దానికి లోపలంతా గుడ్డతో డీజిల్ పట్టిస్తున్నాడు. రోడ్డు పనుల్లో అలవాటైన చిట్కా. పళ్లు తోముకోవడం లాంటిది, అందుకే ఇద్దరికీ తట్టలేదు. మీటరుకు పెట్రోలయినా డీజిలయినా ఒకటే రాగం.

“అంటే,” అంది అమ్మ, గొంతు మళ్లీ సొంత సైజుకొస్తూ, “ఉల్లిపాయ కోసిన కత్తితో ఆపిల్ కోసి, ఆపిల్ చెట్టు నరికేద్దామన్నారా అల్లుడుగారూ?”

“బకెట్టు కడిగేస్తే సరి బావా. ఎవరికీ తెలీదు,” అన్నాను నెమ్మదిగా.

“మీ అమ్మకు తెలిసిందిరా! ఇంకెవరికి తెలియాలి?”

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. తన సొంత గొట్టంతో గోడవారగా మట్టి తీయించి మీటరు పెట్టింది. అది మౌనవ్రతం పట్టింది. బావ తలొంచుకుని డీజిల్ కథంతా చెప్పాడు.

“అయితే ఎప్పట్నుంచి శుభ్రమైన మట్టిని శుభ్రం చేయిస్తున్నారు?”

“వానలు పడ్డప్పట్నుంచి మేడమ్.”

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. గోడకు ఢోకా లేదంది. కానీ పునాది బయటపడి ఉంది కాబట్టి, మళ్లీ వాన పడేలోగా పూడ్చేయమంది.

గోడ దరిదాపుల్లోకి పొక్లెయిన్ రాకూడదని అమ్మ శాసనం. బావ తట్టా పారా పట్టాడు. పోసి, తొక్కి, మళ్లీ పోశాడు. మధ్యాహ్నానికి కిటికీ కింద కూలబడి, “అత్తయ్యా, కాస్త మంచినీళ్లు...” అన్నాడు.

లోపల్నుంచి గిన్నెల చప్పుడుతో పాటు జవాబొచ్చింది.

“ఆ మూల కూడా పూడ్చేసి రండి అల్లుడుగారూ. తొందరేముంది, వంటిల్లు ఎక్కడికీ పోదుగా!”